కోయి చేప... కోయకూడని చేప!

తెల్లని ఒళ్ళు. ఆ తెలుపు మీద ఎర్రజరీ అద్దినట్టు మచ్చలు. పొడుగు 101 సెంటీమీటర్లు. వయసు తొమ్మిదేళ్ళు. 2018లో జపాన్‌లో జరిగిన వేలంపాటలో ఈ సుందరికి పలికిన ధర 20 కోట్ల 30 లక్షల యెన్లు! మన లెక్కలో సుమారు 13 కోట్ల రూపాయలు!

ఎవరీ కొత్త తార, ఎవరి సరసన బుక్కయింది, నడిమి పేజీలో బొమ్మ ఎప్పుడు వేస్తారు అని కత్తెర చేతబట్టిన పాఠకులు ఒక్క నిమిషం ఆగాలి. ఈ తార నటించదు... ఈదుతుంది. ఇది చేప!

పేరు కోయి. పేరు విని కోసి పులుసు పెట్టుకునేదనుకునేరు! ఇది చూసుకోవటానికే తప్ప కోసుకోవటానికి కాదు. కొన్నవాళ్ళు మాత్రం దీని గురించి బాగానే కోతలు కోస్తారు. సినిమా తారలు వయసు తగ్గించి చెబుతారని మనం జోకులేసుకుంటాం కదా, కోయి యజమానులు పెంచి చెబుతారు. 1977లో చనిపోయిన హనాకో అనే కోయికి 226 ఏళ్ళని జపాన్‌లో ప్రచారం. పొలుసు మీద గీతలు లెక్కపెట్టి తేల్చారట! నమ్మటం, నమ్మకపోవటం మీ ఇష్టం. బాగా చూసుకుంటే పాతిక, ముప్ఫై ఏళ్ళు బతుకుతుందన్నది మాత్రం నిజం.

దీని పుట్టుపూర్వోత్తరాలు వింటే మన సినిమా కథే గుర్తొస్తుంది. జపాన్‌లో నీగాటా అనే చోట మంచు కురిసే కొండ పల్లెలున్నాయి. అక్కడి వరి రైతులు చలికాలంలో తిండికి పనికొస్తాయని మడుగుల్లో కార్ప్ చేపల్ని పెంచుకునేవారు. సుమారు రెండొందల ఏళ్ళ క్రితం వాటిలో కొన్నిటికి రంగు మచ్చలతో పిల్లలు పుట్టాయి. రైతులు ముచ్చటపడి వాటిని కూర వండుకోకుండా దాచుకున్నారు. 1914లో టోక్యో ఎగ్జిబిషన్‌లో పెట్టేసరికి పల్లెటూరి పిల్ల రాత్రికి రాత్రి స్టారైపోయింది. 2004 అక్టోబర్ 23న అదే నీగాటాలో భూకంపం వచ్చి కొండలు విరిగిపడినప్పుడు, బతికిన కోయి చేపల్ని హెలికాప్టర్లలో తరలించారంటే వాటి హోదా చూడండి!

ఇంతకీ హైదరాబాద్‌లో సినిమా వార్తలు రాసుకునేవాడికి ఈ జపాన్ చేపతో పనేమిటంటారా? అక్కడికే వస్తున్నాను.

పెరట్లో మాయాబజార్

మా ఇల్లు కొండాపూర్‌లో. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభం కాకముందే నాన్నగారు అక్కడ రెండొందల గజాలు కొన్నారు. ‘ఆ రాళ్ళల్లో ఎవరుంటారండీ’ అని అమ్మ అప్పట్లో ఏడ్చిందట. ఇప్పుడు చుట్టూ అద్దాల మేడలు. మధ్యలో మా డాబా, డాబా వెనక అరటి చెట్టు, జామ చెట్టు వున్న చిన్న పెరడు.

2022లో ఒక యాడ్ షూటింగ్ కవర్ చేయటానికి మాదాపూర్‌లో ఒక కంపెనీ ఆఫీసుకెళ్ళాను. హీరోగారు మేకప్‌లో వున్నారు. గంట, రెండు గంటలు... లాబీలో ఒక కొలనుంది. అందులో ఎరుపు, తెలుపు, నలుపు, బంగారు రంగుల చేపలు మెల్లగా తిరుగుతున్నాయి. హీరోగారు వచ్చారు, వెళ్ళారు. ఆయన చెప్పిందేమిటో ఇప్పుడు నాకు ఒక్క ముక్క గుర్తు లేదు. చేపలు మాత్రం గుర్తున్నాయి.

అంతే! వారం తిరక్కుండా పెరట్లో ఆరడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు, అడుగున్నర లోతు గొయ్యి తవ్వి, టార్పాలిన్ పరిచి నీళ్ళు నింపేశాను. ‘మాయాబజార్’ (1957)లో మార్కస్ బార్ట్‌లీ చూపించిన వెన్నెల గుర్తుంది కదా, అలాంటి వెన్నెల మా పెరట్లో విరుస్తుందని నా కల. పది చేపలు తెచ్చాను. మూడేసి అంగుళాల పిల్లలు. జపాన్‌వి కావు లెండి, మద్రాసు కొళత్తూరు నుంచి వచ్చినవి. మన సినిమా కూడా ఒకప్పుడు అక్కణ్ణుంచే కదా వచ్చింది!

అమ్మ గట్టు మీద నిలబడి చూసి, “ఇది బంగారుతీగే కదరా! రంగులేసి అమ్మేశాడు నీకు” అంది.

నవ్వాను గానీ, తర్వాత తెలిసింది, అమ్మ చెప్పింది నూటికి తొంభై పాళ్ళు నిజమని. మన చేపల బజార్లో రాగండి, బొచ్చెల పక్కన దొరికే బంగారుతీగ కూడా కార్పే. కోయికి దగ్గరి చుట్టం.

మొదటి ఆటకే ఫ్లాపు!

ఆరో రోజు ఒక చేప తేలింది. ఏడో రోజు మూడు. నాకు కంగారు పుట్టి నీళ్ళన్నీ తోడేసి కొత్త నీళ్ళు పట్టాను. ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద పెట్టి తెల్లగా మెరిసేదాకా ఉతికాను. నీరసంగా వున్నాయేమోనని మేత రెట్టింపు వేశాను. పదో రోజుకి మిగిలింది ఒక్కటి. అమ్మ ఆ పూట అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. నన్ను తిట్టలేదు. తిట్టివుంటే బాగుండేది.

అప్పుడు ఫోన్ చేశాను ఆకివీడులో వున్న మా బాబాయికి. ఆయనకి చేపల చెరువులున్నాయి. ఆకివీడు, కైకలూరు, భీమవరం వైపు వెళ్ళినవాళ్ళకి తెలుసు... కనుచూపు మేరా చెరువులే. అక్కడి చేప ఐసు పెట్టెల్లో కలకత్తా, అస్సాం దాకా వెళుతుంది. పుస్తకాలు చదవకుండానే నీటి శాస్త్రం తెలిసినవాళ్ళు.

“ఒరే అబ్బాయ్, నీళ్ళన్నీ ఒకేసారి మార్చేసేవా?”

“మార్చాను బాబాయ్.”

“స్పాంజి కడిగేసేవా?”

“శుభ్రంగా కడిగాను.”

“మేత ఎక్కువేసేవా?”

“ఊఁ.”

అవతల కాసేపు మాటలేదు. “నువ్వు చేపల్ని పెంచుదామనుకున్నావురా. ముందు నీళ్ళని పెంచాలి” అన్నాడు.

ఆ మాట అర్థం కావటానికి నాకు నెల పట్టింది. సంగతేమిటంటే, చేప తిన్న తిండి విసర్జన అవుతుంది, అందులోంచి అమ్మోనియా పుడుతుంది. అది చేప మొప్పల్ని కాల్చేస్తుంది. దాన్ని తినే సూక్ష్మజీవులు ఒక రకం వున్నాయి. అవి దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి. అదీ విషమే! ఇంకో రకం వచ్చి దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. అది అంత ప్రమాదం కాదు, మొక్కలకి ఎరువు కూడా. ఈ రెండు రకాల జీవులూ స్పాంజిలో, రాళ్ళ సందుల్లో కాపురం పెట్టటానికి ఆరు వారాలు పడుతుంది. తెర మీద కనిపించే హీరో వెనక లైట్‌బాయ్‌లు, ట్రాలీ తోసేవాళ్ళు వుంటారు చూడండి, వీళ్ళూ అలాంటివాళ్ళే. నేను స్పాంజి కడిగిన రోజు ఆ యూనిట్ మొత్తాన్నీ కాలవలోకి పంపేశానన్నమాట!

“మరింకో మాట,” అన్నాడు బాబాయి. “గొయ్యి చిన్నది. చిన్న నీళ్ళకి కోపం ఎక్కువ. పెద్ద నీళ్ళు ఓర్చుకుంటాయి.”

స్టూడియోలో కొలను సెట్టు వేస్తే మోకాలి లోతు చాలు, అడుగున నీలం రంగు కొడితే కెమెరా నమ్మేస్తుంది. చేప నమ్మదు. అడుగున్నర లోతు నీళ్ళు మన ఎండకి మధ్యాహ్నానికి వేడెక్కిపోతాయి. నీళ్ళు వేడెక్కే కొద్దీ అందులో కరిగివుండే ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకి 9 మిల్లీగ్రాములుండేది 30 డిగ్రీలకి ఏడున్నరకి దిగుతుంది. ఇది మంచు కొండల చేప. మూడంగుళాల పిల్ల పెరిగి రెండడుగులవుతుంది. ఒక్కో పెద్ద చేపకి వెయ్యి లీటర్లన్నా వుండాలి. నేను వెయ్యి లీటర్లలో పది చేపలు పోశాను! ఏ థియేటరులోనూ అంతటి ఓవర్‌లోడ్ చూసుండరు.

బండ తగిలింది

మిగిలిన ఆ ఒక్క చేపని ప్లాస్టిక్ టబ్బులో పెట్టి, దానికోసం పెద్ద కొలను కట్టాలని తీర్మానించాను. పన్నెండడుగుల పొడుగు, ఎనిమిదడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు నీళ్ళు. లెక్క వేస్తే దాదాపు 11 వేల లీటర్లు. ‘ఒక్క చేపకా?’ అని మీరడగొచ్చు. అమ్మ కూడా అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

వాస్తు దగ్గర ఒక చిన్న గొడవ. నీళ్ళు ఈశాన్యంలోనే వుండాలంది అమ్మ. అదృష్టవశాత్తూ మాది పడమటి ముఖం ఇల్లు, పెరడు తూర్పున పడింది. పొద్దుటి ఎండ కాసేపు తగులుతుంది, మధ్యాహ్నం దాటితే డాబా నీడ కొలను మీద పడుతుంది. వాస్తుకీ చేపకీ ఇంత సఖ్యత వుంటుందనుకోలేదు!

పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీ తవ్వకం మొదలెట్టాడు. రెండో రోజు సాయంత్రం గడ్డపార ‘ఠంగ్’ మంది.

“సారూ, గీడ రెండడుగులకే బండ తగిలింది. ఇగ కింద మొత్తం గుండే.”

హైదరాబాద్ గ్రానైట్! సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి రాయి. దుర్గం చెరువు చుట్టూ కనిపించే గుట్టలు దీని అన్నదమ్ములే. మరి కాలనీ మధ్యలో మందుగుండు పెట్టి పేలుస్తామా? వెనక సందులోకి మిషను రాదు. నేను తల పట్టుకుని కూర్చుంటే మేస్త్రీయే దారి చెప్పాడు. “పైకి లేపుకుందాం సారూ. నీళ్ళకేం ఎరుక, భూమిల ఉన్నదో మీదున్నదో!”

అలా రెండడుగులు నేలలో, రెండున్నర అడుగులు నేల మీద కొలను లేచింది. 11 వేల లీటర్లంటే 11 టన్నుల బరువు. గోడని తోస్తూనే వుంటుంది. అందుకని వట్టి ఇటుక కాకుండా ఇనప చువ్వలు కట్టి కాంక్రీటు పోశాం. అడుగు మధ్యకి వాలేలా చేసి, నడుమ నాలుగంగుళాల గొట్టం పెట్టాం, మురికి దానంతటది జారిపోవటానికి. ఆ గొట్టం మాట నేను కాంక్రీటు కలిపేశాక గుర్తుచేశాను. మేస్త్రీ నా వంక చూసిన చూపు ఏ విలనూ చూడలేడు.

ఫిల్టరు సంగతి క్లుప్తంగా చెబుతాను. మూడు నీలం డ్రమ్ములు, ఒక్కోటి రెండొందల లీటర్లు. మొదటి దాంట్లో మడ్డి కూర్చుంటుంది, రెండో దాంట్లో బ్రష్షులు పట్టుకుంటాయి, మూడో దాంట్లో పెంకు ముక్కలు, ప్లాస్టిక్ బంతులు. మన లైట్‌బాయ్‌ల కాలనీ అదే. గంటకి ఆరువేల లీటర్లు తిప్పే మోటారు, గాలి బుడగల మిషను, నీళ్ళు పచ్చబడకుండా ఒక అతినీలలోహిత దీపం. రాత్రీ పగలూ ఆడాలి. కరెంటు నెలకి వంద యూనిట్ల పైమాటే. గాలి మిషనుకి ఇన్వర్టరు తప్పనిసరి.

గోడలు తడిపి ఆరబెట్టాక నీళ్ళు నింపేద్దామనుకుంటే బాబాయి మళ్ళీ ఆపాడు. కొత్త సిమెంటు నీళ్ళలోకి సున్నపు ఘాటు వదులుతుందట. చేప చర్మం మండిపోతుంది. అరటి బోదెలు ముక్కలు కోసి వేసి వారం నానబెట్టి, పారబోసి, మళ్ళీ వేసి నానబెట్టమన్నాడు. పెరట్లో అరటి చెట్టు త్యాగం చేసింది. పెళ్ళి పందిరి కాదు గానీ ఆ వాసనకి వీధంతా వచ్చి చూసి వెళ్ళారు. చాలక గోడలకి లోపల వాటర్‌ప్రూఫ్ పూత కూడా వేయించాం.

ఆఖరికి మంచి నీళ్ళు నింపాం. ఇక చేపలేవీ అని అందరూ అడగటం. చేపల్లేవు! ఆరు వారాలు ఖాళీ కొలను ముందు కూర్చున్నాను. పక్కింటి సాఫ్ట్‌వేర్ కుర్రాడు గోడ మీంచి తొంగిచూసి, “అన్నా, ఫస్ట్ రిలీజ్ ఎప్పుడు?” అనేవాడు. ఈ ఆరు వారాల్ని కాస్త తగ్గించే చిట్కా చెప్పింది ఎవరో తెలుసా? అమ్మ! “పాలు తోడుకోవాలంటే పక్కింట్లోంచి తోడు తెచ్చుకోమా?” అంది. అమీర్‌పేటలో ఒక మిత్రుడి పాత అక్వేరియం ఫిల్టరులోంచి నల్లటి గుజ్జు ఒక డబ్బా తెచ్చి మూడో డ్రమ్ములో పోశాను. అమ్మోనియా పరీక్ష నాలుగో వారానికే సున్నా చూపించింది.

2023 ఫిబ్రవరిలో టబ్బులోని పాత చేపని వదిలాం. తర్వాత నెలకి రెండు, మూడు చొప్పున మొత్తం ఎనిమిది. తెలుపు మీద ఎరుపున్నది కొహాకు, దానికి నల్లచుక్కలు పెడితే సాంకే, నలుపే ఒళ్ళయి మిగతావి నగలైతే షోవా. అమ్మకి ఈ పేర్లు నోరు తిరగవు. పాతదాన్ని మాత్రం ‘ముసలమ్మ’ అని పిలిచేది. ఏడాది తిరిగేసరికి ముసలమ్మ అడుగు పొడుగైంది, అమ్మ చేతిలోంచి మేత లాక్కునేది.

ఆ ఆదివారం పొద్దున

2024 వేసవి హైదరాబాద్ వాళ్ళెవరూ మర్చిపోరు. బోర్లు ఎండిపోయాయి. ఐటీ కారిడార్ అంతా ట్యాంకర్ల కోసం ఎదురుచూపులు. మా బోరు మార్చిలోనే బురద కక్కింది. ఆ ఎండలకి కొలనులోంచి రోజుకి నాలుగైదు బిందెల నీళ్ళు ఆవిరైపోయేవి. “మనుషులకే లేవంటే చేపలకా?” అని వీధిలో ఒకావిడ అన్నది నా చెవిన పడింది. తప్పు పట్టలేను. మేత సగానికి తగ్గించాను, మేత తగ్గితే మురికి తగ్గుతుంది, నీళ్ళు మార్చే పని తగ్గుతుంది. పైన పచ్చ వల కట్టాను. మార్చిన నీళ్ళు జామచెట్టుకీ కొత్తగా వేసిన అరటికీ పోయేవి. అయినా సరే, ట్యాంకర్ మా ఇంటి ముందు ఆగినప్పుడు తల దించుకునే వున్నాను.

మే నెలలో ఒక ఆదివారం. తెల్లవారుజామున అయిదింటికి కుళాయి వచ్చింది. రోజూ డ్రమ్ములో పట్టి ఒక రోజు నిలవ వుంచి పోసేవాణ్ణి. ఆ రోజు, ముందు రాత్రి సెకండ్ షో చూసి వచ్చిన నిద్రమత్తులో, పైపు నేరుగా కొలనులో పడేసి ‘పది నిమిషాలే కదా’ అని మంచమెక్కాను.

ఏడింటికి అమ్మ కేక.

కొలను అంచుదాకా నిండింది. ఎనిమిది చేపలూ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఒకటి పక్కకి ఒరిగిపోయింది. నీళ్ళ మీద ఆసుపత్రి వాసన.

బాబాయి రెండో రింగుకే ఎత్తాడు. ఆ వేళకి చెరువు గట్టు మీదే వుంటాడు, చెరువులో గాలి తగ్గేది తెల్లారుజామునే కాబట్టి.

“బ్లీచింగ్ వాసనేనా? అది మేం చెరువు ఖాళీగా వున్నప్పుడు చల్లేదిరా! గాలి మిషను పెంచు. రొయ్యపిల్లల హేచరీల్లో దానికి హైపో వేస్తారు. ఎక్కడైనా దొరుకుద్దేమో చూడు.”

హైపో! ఈ మాట ఎక్కడో విన్నాను... అక్వేరియం షాపు తెరిచేది పదిన్నరకి. అప్పుడు తట్టింది. ఫిలిం కడిగేది హైపోతోనే కదా! ఒకప్పుడు ప్రతి లేబొరేటరీలో, ప్రతి స్టూడియో చీకటిగదిలో బొమ్మని ఫిలిం మీద నిలబెట్టింది ఆ పలుకులే. కృష్ణానగర్‌లో ఒక పెద్దాయనున్నారు, పాతికేళ్ళు స్టిల్స్ తీసి రిటైరైనవారు, ఆయన మీద నేనొకసారి వ్యాసం రాశాను. ఫోన్ చేసి ఊపిరాడకుండా చెప్పాను.

“కలిపిన ఫిక్సర్ పొడి వద్దయ్యా, అందులో వేరేవి వుంటాయి. వట్టి హైపో పలుకులు డబ్బా ఒకటి అటక మీద వుండాలి. వచ్చెయ్” అన్నారాయన.

ఆదివారం కాబట్టి రోడ్లు ఖాళీ. నలభై నిమిషాల్లో వెళ్ళి వచ్చాను. కొలనులో పడ్డ మూడువేల లీటర్లకి రెండు చిన్న చెంచాల నిండుగా అయితే చాలు, నేను నాలుగు కలిపి పోశాను. అరగంటకి వాసన పోయింది. మధ్యాహ్నానికి ఆరు చేపలు అడుక్కి దిగాయి.

రెండు పోయాయి. ఒక షోవా, ఇంకొకటి ముసలమ్మ.

అదే పైపు, అదే రెండు గంటలు పాత గోతిలో పడివుంటే ఒక్కటీ మిగిలేది కాదు. పెద్ద నీళ్ళు ఓర్చుకుంటాయని బాబాయి అన్నది ఇదే. అమ్మకి ఈ లెక్క చెప్పబోయాను. “ముసలమ్మ ఓర్చుకోలేదు కదరా” అంది. జామచెట్టు కింద పాతిపెట్టాం.

పెద్దాయన డబ్బా ఇప్పటికీ మా వంటింట్లో ఉప్పు డబ్బాకి దూరంగా, పైఅరలో వుంది. పైపుకి అలారం గడియారం కట్టాను. ఆ ఏడు వానలకి డాబా గొట్టం తిప్పి నీళ్ళు వడగట్టి ట్యాంకులో పడేలా చేశాను. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద అంగుళం వాన పడితే 2,300 లీటర్లు. ఆ తర్వాత కొలను కోసమని ట్యాంకర్ పిలవలేదు.

పక్కింటి కుర్రాడు మొన్న తనూ ఒకటి కడతానని టేపు పట్టుకుని వచ్చాడు. నాలుగడుగులు, మూడడుగులు అని కొలుస్తుంటే అమ్మ వంటింట్లోంచి, “పెద్దది కట్టు బాబూ! అరటి బోదెలు మా చెట్టువి ఇస్తాలే” అంది. అంతలోనే గరిటె పట్టుకుని బయటికి పరిగెత్తింది, “ఒరేయ్, ఆ గుడ్డికొంగ మళ్ళీ వచ్చింది చూడు!” అంటూ.